నలభై ఒకటో కవరు

పోయినవారం మామయ్యను మంచం మీద, అత్తయ్యను ఆయన కాళ్ల దగ్గర స్టూలు మీద, చిట్టిని నడవాలో గోడకి ఆనించి వదిలేసి వచ్చాం. వారం తిరిగినా ముగ్గురిలో ఒక్కరూ అంగుళం కదల్లేదు. వాళ్లకింకా శనివారం పొద్దున్నే మరి.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవారి కోసం నాలుగు ముక్కలు. మామయ్య దర్జీ. చిట్టికి సొంత మేనమామ. ఆరేళ్లప్పుడు తల్లి పోతే తెచ్చుకుని, స్కూలు యూనిఫాం నుంచి పెళ్లిబట్టల దాకా అన్నీ తన చేత్తోనే కుట్టి పెంచినవాడు. ఆయన పెద్దపేగు చివర్లో క్యాన్సరు గడ్డ తేలింది. సోమవారం ఆపరేషను చేసి, గడ్డ ఉన్న ముక్క తీసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపారు. ఆ అతుకు మానేదాకా దానిమీదికి ఏమీ రాకుండా, పై పేగును పొట్టమీదికి తెరిచి కొన్ని నెలలపాటు సంచి తగిలించడం ఒక పద్ధతి. సంచి లేకుండా అతుకును దాని ధైర్యానికి వదిలేయడం ఇంకో పద్ధతి. మామయ్యలాంటివాళ్లకి ఈ రెండింట్లో ఏది మేలో గట్టిగా చెప్పగలిగినవాళ్లు లేరు. అది తేల్చడానికే ఆ ఆస్పత్రిలో ఒక స్టడీ నడుస్తోంది. అందులో చేరిన రోగికి సంచి వెయ్యాలా వద్దా అన్నది డాక్టరూ చెప్పడు, రోగీ చెప్పడు. వరసగా నంబర్లు వేసి మూసిపెట్టిన కవర్లు చెప్తాయి. ఎవరి వంతు వస్తే ఆ కవరు తెరవాలి, లోపల చీటీలో ఏముంటే అది చెయ్యాలి.

ఆ స్టడీకి కాగితాలు రాసేది, ఆపరేషనైన ముప్పయ్యో రోజున రోగులకి ఫోను చేసి పద్నాలుగు ప్రశ్నలు అడిగేది మన చిట్టి. ఆస్పత్రిలో ఆమెను ఫోన్ల మేడం అంటారు. మామయ్య చేత ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టించిందీ ఆమే.

మామయ్యకు చీటీలో సంచి వద్దని వచ్చిందన్నారు. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. శుక్రవారం సాయంత్రం జ్వరం వచ్చింది. శనివారం తెల్లారేసరికి, పొట్ట పక్కన పెట్టిన గొట్టంలో రాకూడని రంగు వచ్చింది. దాని వెనకే వాసన కూడా వచ్చింది. అక్కడ ఆగాం.

ఎనిమిదిన్నరకి స్కానింగు అయింది. తొమ్మిదింటికి పెద్ద డాక్టరు వచ్చి నిలబడే మాట్లాడాడు. ఆయన కూర్చుంటే మంచి కబురనీ, నిలబడితే కాదనీ నాలుగేళ్ల ఉద్యోగంలో చిట్టి కనిపెట్టింది. అతుకు ఒకచోట విడిపోయింది. లోపలిది బయటికి వచ్చి పొట్టంతా పాకుతోంది. మధ్యాహ్నంలోగా మళ్లీ తెరవాలి, కడగాలి, ఈసారి సంచి తప్పదు, అది మళ్లీ తీస్తామన్న మాట ఇవ్వలేం. అరవై ఆరేళ్ల మనిషి, నాడి నిమిషానికి నూట ఇరవై నాలుగు కొట్టుకుంటోంది. ఇదంతా ఆయన నెమ్మదిగా, ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా చెప్పాడు. దాంతో చిట్టికి ఇంకా భయం వేసింది.

అత్తయ్య మొత్తం విని, ఎంత మేర విడిపోయింది అని అడిగింది. చిటికెనవేలి గోరంత, అన్నాడు డాక్టరు. చంకలో గోరంత కుట్టు వదిలితే చొక్కా సాయంత్రానికి ఏమవుతుందో దర్జీ భార్యకు వేరే చెప్పాలా.

కాగితం ముందుకు జరిపారు. నియమం ప్రకారం సంతకం రోగిదే. జ్వరంలో మూసుకుపోతున్న కళ్లతో మామయ్య పెన్ను పట్టుకుని, గుడ్డ మీద సుద్దతో కొలత గీసినట్టు కాగితానికి ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా ఒక గీత గీశాడు. అందంగానే ఉంది, కానీ చెల్లదన్నారు. కొత్త కాగితం అత్తయ్య చేతికి వచ్చింది.

అత్తయ్య పెట్టలేదు. మొదటి కాగితం మీద సాక్షిగా అందరూ చూపించిన చోటల్లా పెట్టాననీ, ఈసారి చదివి పెడతాననీ అంది. అసలు సంగతి అది కాదు. ఆవిడ తమ్ముడు అప్పటికే బండి తీసుకుని బయల్దేరాడు. నాలుగు గంటల దూరంలో ఇంకా పెద్ద ఆస్పత్రి ఉంది, అక్కడ తెలిసినవాళ్లున్నారు, మనిషిని ఇలా చేసినవాళ్ల చేతికే మళ్లీ కత్తి ఇస్తావా అక్కా అని ఫోన్లో గంటనుంచి అడుగుతున్నాడు. ఆ మాట వినగానే పెద్ద డాక్టరు చిట్టిని పక్కకు పిలిచాడు. నాలుగు గంటల ప్రయాణం ఈయన తట్టుకోడమ్మా, రెండు కూడా కష్టం, మీ అత్తయ్యకి నువ్వే చెప్పాలి అన్నాడు.

చెప్పడానికే వెళ్లబోయింది చిట్టి. ఇంతలో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, ఫారం సంగతి గుర్తుచేస్తూ. ఇలాంటిది జరిగితే ఇరవై నాలుగు గంటల్లోపల స్టడీ వాళ్లకి ఫారం పంపాలి. పంపే మనిషి ఆస్పత్రిలో ఒక్కతే. సోమవారం నుంచి ఆమె సెలవులో ఉంది, రోగి బంధువుగా. కన్నవాళ్లకి, కట్టుకున్నవాళ్లకి, ఆఖరికి ఎలుకలు కొరికిన ఫారాలకి కూడా నియమం రాసిపెట్టిన ఆ పుస్తకంలో, మేనకోడలే తన మామయ్య ఫారం నింపాల్సివస్తే ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు.

ఆమె గది మూడో అంతస్తులో, దుప్పట్లు పెట్టే గది పక్కన ఉంటుంది. కిటికీ లేదు. గోడ మీద ఫోన్ల నియమాలు అంటించి ఉంటాయి. ప్రశ్న రాసినది రాసినట్టే చదవవలెను. రోగి చెప్పినది మాత్రమే రాయవలెను. సానుభూతి మాటలు అనరాదు, వాటివల్ల జవాబు మారును. ఈ చివరిది పాటించడానికి చిట్టికి మొదటి ఏడాదంతా పట్టింది. అవతల మనిషి ఏడుస్తుంటే ఇవతల ఏడో ప్రశ్న చదవడం మొదట్లో చేతకాలేదు. తర్వాత వచ్చేసింది. ఏదైనా వచ్చేస్తుంది.

ఫారం తీసింది. రోగి వయసు, ఆపరేషను తేదీ. అతుకు విడిపోయినదా? మూడు రకాలలో ఏది? మళ్లీ ఆపరేషను అవసరమైతే మూడో రకం. టిక్కు. తర్వాతి ప్రశ్న, ఈ సంఘటన ఊహించినదా, ఊహించనిదా. ఆపరేషనుకు ముందు ఇచ్చే కాగితంలో ఆ మాట ఉంటే ఊహించినదే అని లెక్క. కాగితంలో ఉంది. మూడో పేజీలో, నాలుగో వరసలో. మామయ్యకు తనే చదివి వినిపించింది. ఇంట్లో ఒక్కరూ ఊహించలేదు. ఊహించినది దగ్గర టిక్కు పెట్టింది.

రోగి కవరు నంబరు అడిగింది ఫారం. దానికోసం ఫైలు తెరిచింది.

మామయ్య ఫైల్లో ఉన్న చీటీ నలభై రెండోది.

శుక్రవారం, సోమవారానికి ముందు, సెలవు చీటీ ఇచ్చే రోజున, పెట్టెలో మిగిలిన మొదటి కవరు నలభై ఒకటి అని పుస్తకంలో తనే రాసి వెళ్లింది. సోమవారం మామయ్య ఒక్కడికే ఆ ఆపరేషను. తర్వాతిది బుధవారం, లైబ్రరీలో పనిచేసే ఒకావిడకి. ఆవిడ ఫైలు తీసింది. నలభై ఒకటి. సంచి వెయ్యాలి అని చీటీ. సోమవారం తెరవాల్సింది బుధవారం, బుధవారం తెరవాల్సింది సోమవారం తెరిచారు.

పొరపాటున ఒక కవరు కింద ఇంకోటి ఉండిపోయి ఉంటుంది అనుకుంది. మనిషికి ఊపిరాడాలంటే ముందు అలాంటిదే అనుకోవాలి. తర్వాత ఖాళీ కవర్ల కట్ట విప్పి నలభై ఒకటోది బయటికి తీసింది. అన్ని కవర్లూ ఒకేసారి చింపినవి. ఇది మాత్రం ఒకసారి జాగ్రత్తగా విప్పి, గాయం కట్టే తెల్ల టేపు సన్నగా కత్తిరించి మళ్లీ మూసి, మళ్లీ చింపినది. టేపు చక్కగా, వంకర లేకుండా అతికించి ఉంది. ఆపరేషను గదిలో అంత ఓపికగా టేపు కత్తిరించే చెయ్యి ఒక్కటే. అందరూ మెచ్చుకునే చెయ్యి.

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది.

చిన్న డాక్టరు ఫారం మీద సంతకం పెట్టడానికి తనంతట తనే వచ్చాడు. పెద్ద డాక్టరు కింద ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. చిన్న అనేది పదవి, వయసు కాదు. గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో చిట్టి ఉంది. ఆమె కవరు బల్లమీద పెట్టి, టేపు వైపు పైకి తిప్పింది. ఆయన దాన్ని చూసి, పాత ఫారాల అట్టపెట్టె మీద కూర్చున్నాడు. పెట్టె ఒక మూల కిందికి దిగిపోయింది. ఆయన సర్దుకోలేదు.

దాచలేదు. అడగకముందే చెప్పుకుపోయాడు. ఆదివారం సాయంత్రం రౌండ్లకి వెళ్తే మామయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడట. మీ కోటు ఎడమ భుజం అర అంగుళం జారింది డాక్టరుగారూ, నేను లేచాక పంపండి సరిచేస్తాను అన్నాడట. నలభై ఏళ్లు జనానికి జేబులు కుట్టాను, నా పొట్టమీద ఒకటి కుట్టించకండి బాబూ అన్నాడట. నవ్వేసి వచ్చేశాడు. కానీ ఆ మాట వదల్లేదు. సోమవారం అతుకు అద్భుతంగా కుదిరింది. నీళ్లు పోసి, గాలి ఊది పరీక్ష చేస్తే ఒక్క బుడగ రాలేదు. పెద్ద డాక్టరు ఇక కవరు చూడండి అని చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. సిస్టరు గుడ్డముక్కలు లెక్కపెడుతోంది. కవరు తెరిచింది ఈయనే. సంచి వెయ్యాలి అని ఉంది.

"అంత మంచి అతుకు మేడం. నా కెరీర్లో అంత మంచిది నాలుగైదు ఉంటాయేమో. దానికి సంచి ఎందుకనిపించింది."

మూసేసి తర్వాతిది తెరిచాడు. వద్దు అని వచ్చింది. అందులోనూ వెయ్యాలనే వచ్చి ఉంటే ఏం చేసేవారని చిట్టి అడిగింది. వేసేవాణ్ణి, మూడోది ముట్టుకునేవాణ్ణి కాదు అన్నాడు. ఒకటి మారిస్తే దయ, రెండు మారిస్తే మోసం అని లోపలెక్కడో గీత గీసుకున్నాడు పాపం. మనుషులు ఇంత పద్ధతిగా ఉంటారు.

"మీరెవరండీ మార్చడానికి," అంది చిట్టి. అరుద్దామనుకుంది. పక్క గదిలో దుప్పట్లు మడతపెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అందుకని ఆ మాట కూడా ఏడో ప్రశ్నలాగే బయటికొచ్చింది.

ఆయన, "మీరూ అన్నారు కదా," అన్నాడు.

"నేనేమన్నాను?"

"క్యాంటీన్లో. ఆపరేషనుకు ముందు శుక్రవారం. మామయ్యకి సంచి రాకుండా ఉంటే బాగుండని."

అంది. టీ కలుపుకుంటూ అంది. ఆ మాట ప్రతి రోగి ఇంటివాళ్లూ అంటారు. నాలుగేళ్లలో రెండు వందలసార్లు విన్నది తను. వాన రాకుంటే బాగుండు అన్నట్టు అంటారు. వాన ఆపమని ఎవరికీ చెప్పినట్టు కాదు.

"అది అందరూ అనేదే," అంది.

"మీరు అందరూ కాదుగా మేడం. మనవాళ్లు."

ఇందులో ఎవరిని తిట్టాలో ఆమెకు తోచలేదు. చెడ్డవాడైతే సులువుగా ఉండేది. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. మామయ్య గొట్టం రంగు మారిందని తెల్లవారుజామునే కనిపెట్టి అందరినీ పరుగులు పెట్టించింది కూడా ఈయనే. చివరికి, ఇన్నేళ్లలో ఎవరూ తనని అడగకూడదని కోరుకున్న ప్రశ్న తనే అడిగింది. సంచి వేసి ఉంటే ఇలా అయ్యేది కాదా?

"తెలీదు మేడం. సంచి వేసినా అతుకు విడిపోవచ్చు. విడిపోయినా ఇంత దూరం వచ్చేది కాదేమో. రాకపోవచ్చు, రావచ్చు. అది తెలీకే కదా మనం..." అని ఫైళ్ల అర వైపు చెయ్యి చూపించాడు.

ఆ వాక్యం చిట్టిదే. ఏది మేలో తెలీదు కాబట్టే ఈ స్టడీ అండీ, అని నెలకి రెండుసార్లు తియ్యగా చెప్తుంది. చెప్పేటప్పుడు ఎంతో నిజాయితీగా వినిపించే మాట. ఇవతలి కుర్చీలో కూర్చుని వింటే, తలుపు మొహాన మూసినట్టు వినిపించింది.

ఆయన సంతకం పెట్టలేదు. మీరు జరిగినది రాయండి, నేనూ రాసిస్తాను, ఉద్యోగం పోతే పోతుంది అన్నాడు. అని, కింద ఆపరేషను గది సిద్ధం చేయించాలని వెళ్లిపోయాడు. మళ్లీ కత్తి పట్టేది పెద్ద డాక్టరే. పక్కన నిలబడేది మాత్రం ఈయన. వేరే మనిషి లేడు.

చిట్టి ఫారం ముందు కూర్చుంది. నలభై రెండు అని రాస్తే అబద్ధం. నలభై ఒకటి అని రాసి, మార్చారని కింద వివరిస్తే నిజం. నిజం రాస్తే ఏమవుతుందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. స్టడీలో రోగికి ఏం చేశారన్నది కాదు, వంతు ప్రకారం ఏ కవరు రావాలన్నదే లెక్క. ఎవరూ మధ్యలో ఇష్టమొచ్చినట్టు మార్చి లెక్కను పాడుచెయ్యకుండా పెట్టిన నియమం అది. మంచి నియమమే. దాని ప్రకారం మామయ్య సంచి వేసినవాళ్ల గుంపులోకి వెళ్తాడు. ఒంటిమీద లేని సంచి లెక్కలో ఉంటుంది. సంచి వేసినా అతుకు విడిపోయిన రోగి, ఒకటి, అని ఎక్కడో ఎవరో కూడుకుంటారు. అబద్ధం రాస్తేనేమో ఆయన సంచి లేనివాళ్లలో, జరిగినది జరిగినట్టే కనిపిస్తాడు. నిజం రాస్తే లెక్క వంకర, అబద్ధం రాస్తే లెక్క తిన్నన. ఆమె పెన్ను మూత పెట్టింది, తీసింది, పెట్టింది. చివరికి ఆ గడి ఖాళీగా వదిలేసి కిందికి దిగింది. రేపు పొద్దున దాకా టైముంది. మామయ్యకి లేదు.

మెట్ల దగ్గర లైబ్రరీ ఆవిడ ఎదురైంది. బుధవారం ఆపరేషను, శనివారానికి నడక. గోడ పట్టుకుని, రెండో చెయ్యి పొట్టమీద సంచికి ఆసరాగా పెట్టుకుని, పుస్తకాల అరల మధ్య నడిచినట్టు మెల్లగా వస్తోంది. ఫోన్ల మేడాన్ని చూసి మొహం విప్పారింది. ఎన్ని నెలలకి తీసేస్తారమ్మా, వేసవి సెలవుల్లోగా అవుతుందా అని అడిగింది. అవుతుందండి అంది చిట్టి. బాగానే ఉందండీ, అలవాటైపోతోంది, మన వంతుకి ఏది వస్తే అదేగా అంది ఆవిడ. చిట్టి తల ఊపి, రెండేసి మెట్లు దిగింది.

ఈలోగా మామయ్యను ఐసీయూలోకి మార్చారు. అత్తయ్య దాని బయట వరస కుర్చీల్లో చివరిదాంట్లో కూర్చుని ఉంది. ఒళ్లో అట్టకు బిగించిన కాగితం, దానికి దారంతో కట్టిన పెన్ను. పక్క కుర్చీలో ఫోను. తమ్ముడు గంటలో వచ్చేస్తాడట. ఎదురుగా తలుపు గాజులోంచి మామయ్య పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. కుట్టుమిషను తొక్కి తొక్కి కుడిపాదం కాస్త బయటికి తిరిగి ఉంటుంది ఆయనది. జ్వరంలో కూడా అది అలాగే ఉంది.

చిట్టి పక్కన కూర్చుని, పెద్ద డాక్టరు చెప్పమన్నది చెప్పింది. నాలుగు గంటలు తట్టుకోలేడు. పెద్ద డాక్టరు మంచి చెయ్యి. ఇక్కడ చేయిస్తే బతికే వీలుంది, దారిలో లేదు. అత్తయ్య అంతా విని, ఎప్పటిలాగే పనికొచ్చేది ఒక్కటే అడిగింది.

"చీటీలో ఏం వచ్చింది?"

"అదేంటత్తయ్యా, తెలుసుగా."

"నీ నోటితో చెప్పు. నువ్వు చెప్తే సంతకం పెడతాను. దేవుడే తీసి ఇచ్చిన చీటీ అయితే ఎవర్నీ అనడానికి లేదు. ఆ డాక్టర్లకే మళ్లీ అప్పజెప్తాను. కాదంటే మాత్రం, దారిలో పోయినా సరే, వీళ్ల చేతిలో పెట్టను."

గోడ గడియారం పదకొండూ నలభై. లోపల ఏదో యంత్రం ఆగి ఆగి కూస్తోంది. చిట్టికి ఫోన్లో మాట పేర్చడం బాగా వచ్చు. అబద్ధమాడకుండా, అవసరంలేనిది చెప్పకుండా.

"సంచి వద్దని వచ్చింది," అంది. నలభై రెండోదానిలో ఉన్నది అదే. ఇంతవరకూ ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"దానంతటదే వచ్చిందిగా? మధ్యలో ఎవరూ వేలు పెట్టలేదుగా?"

అత్తయ్య కళ్లు సూదిలో దారం ఎక్కించేటప్పటి కళ్లలా చిన్నవయ్యాయి. ఈసారి పేర్చడానికి వీలున్న మాట దొరకలేదు.

"దానంతటదే వచ్చింది, అత్తయ్యా."

అత్తయ్య కాగితం మీద ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసింది. తేదీ వేసింది. తమ్ముడికి ఫోను చేసి, నువ్వు రా కానీ బండి అవసరం లేదు అని చెప్పి పెట్టేసింది. అంతే. పొద్దుట్నుంచి పెద్ద డాక్టరు చెయ్యలేనిది, సిస్టర్లు చెయ్యలేనిది, రెండు వాక్యాల్లో అయిపోయింది.

పది నిమిషాల్లో మంచం బయటికి వచ్చింది. చక్రాల పక్కన చిన్న డాక్టరు నడుస్తున్నాడు. తల ఎత్తలేదు. మామయ్య కళ్లు తెరిచి చిట్టిని గుర్తుపట్టి, దగ్గరికి రమ్మన్నట్టు వేలు కదిపాడు. వంగింది. మొన్న లోపల పిన్నులు కొట్టారట, కాగితాలకి కొట్టినట్టు, నాకు ఇప్పుడే చెప్పారు అన్నాడు. ఈసారి చేత్తో కుట్టమను, దారం మాత్రం కొంచెం లాగి ముడెయ్యమను అన్నాడు. చెప్తాను మామయ్యా అంది. నీ మాట వింటారు, నీ ఆస్పత్రేగా, అన్నాడు ఆయన, కాస్త గర్వంగానే. తలుపులు రెండూ తెరుచుకుని మళ్లీ కలిశాయి. పైన ఎర్రలైటు వెలిగింది.

ఇద్దరూ ఆ తలుపుకు ఎదురుగా కూర్చున్నారు. అత్తయ్య కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. ఎంతసేపు తుడవాలో అంతకంటే ఎక్కువసేపు తుడిచింది.

"మీ మామయ్య బుధవారమే చెప్పాడు," అంది.

చిట్టికి అర్థం కాలేదు.

"గంజి తాగించమన్నారు కదా ఆ రోజు. తాగుతూ ఒకటే నవ్వు. నా నోటి చలవ చూశావా, డాక్టరు నా కోసం కవరు మార్చేశాడు, తనే వచ్చి చెప్పాడు, ఎవరితో అనకు అన్నాడు. ఆపరేషనైన మూడో రోజుకే అంత గొప్ప కావాలా ఆయనకి. ఎవరితో అన్లేదు నేను. అరిగించుకున్నాను."

"మరి తెలిసీ..." అంది చిట్టి.

"తెలిసీ ఎందుకు పెట్టానా? ఎక్కడికి తీసుకెళ్లను? దారిలో పోతాడని నాకు మాత్రం తెలీదా." కళ్లజోడు పెట్టుకుంది. "సంతకం ఎలాగూ పెట్టేదాన్నే. నువ్వేం చెప్తావో విందామని అడిగాను."

ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. నడవాలో ఎవరో తడిగుడ్డతో నేల తుడుస్తూ, కాళ్లెత్తమన్నారు. ఇద్దరూ కాళ్లెత్తారు. తుడిచి వెళ్లాక దించారు.

"భయపడి చెప్పావు. మామయ్య బతకాలని చెప్పావు. దానికి నిన్ను ఏమీ అనను. కానీ ఆయన ఆ కాగితం మీద సంతకం పెట్టింది నీ మొహం చూసి. నువ్వు చదివావు కాబట్టి నేను చదవలేదు." అత్తయ్య గొంతు పెంచలేదు. మామూలుగా, కొలత అడిగినట్టే అడిగింది. "ఇప్పుడు ఆయన లోపల ఉన్నాడు, కాగితమూ లోపలికి వెళ్లిపోయింది. నువ్వేం చెప్పినా మారేది లేదు. చెప్పు. నీకు ఎప్పుడు తెలిసింది?"

"పదిన్నరకి," అంది చిట్టి.

ఆ నడవాలోకి దిగి వచ్చాక ఆమె అత్తయ్యతో కవరు గురించి చెప్పిన మాటల్లో ఇదొక్కటే పూర్తి నిజం. అయినా చెవికి అన్నిటికంటే అబద్ధంలా వినిపించింది, చెప్పిన తనకే.

అత్తయ్య ఆమె మొహంలోకి చూసింది.

"ఏ రోజు పదిన్నరకి?" అంది.